మూడో దెబ్బ

ఫోనులో ఆ మెసేజీ వచ్చినప్పుడు నా రెండు చేతులూ గారెల పిండిలో ఉన్నాయి.

"ఏమండీ, చదవండి, చదవండి!" అని మా ఆయన ముందు గెంతాను. పెళ్ళయి అది మూడో రోజు. 'మా ఆయన' అనే మాట నాకింకా కొత్త చెప్పుల్లా ఉండేది, ఊరికే వేసుకుని తిరగాలనిపించేది. పొద్దున్నే పాలవాడితో కూడా రెండుసార్లు వాడేశాను.

కిరీటి ఫోను తీసుకుని మైకులో చెప్పేవాడి గొంతుతో చదివాడు. "కుమారి వారిజ, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగో సంవత్సరం. మీరు నీడ బ్యాచికి ఎంపికయ్యారు. ఎల్లుండి ఉదయం ఎనిమిది గంటలకు క్యాజువాలిటీలో సిస్టర్ ఎస్తేరు గారి వద్ద హాజరు కావలెను." మొదటి మాట మళ్ళీ చూసి, "కుమారి అని వేశారు. ఇది నీకు కాదేమో" అన్నాడు.

పిండి వేలు తన ముక్కు మీద రాశాను. "కాలేజీ మొత్తానికి ఆరుగురమే, తెలుసా?"

"సరే గానీ, నీడ అంటే? ఆవిడకి గొడుగు పట్టాలా?"

మా సీనియర్లు ఆసుపత్రిలో పెద్ద నర్సుల వెనకాల నోటుబుక్కు పట్టుకుని తిరిగి, చూసి నేర్చుకునేవాళ్ళు. మా బైపాస్ రోడ్డు ఆసుపత్రిలో ఇప్పుడు చూడక్కర్లేదు. మణికట్టు నుంచి మెడదాకా పల్చటి నల్ల చొక్కా పెద్ద నర్సొకటి, వెనకున్న పిల్లొకటి తొడుక్కుంటారు. ఆమె చెయ్యి ఎలా బిగిస్తే ఈ చెయ్యి అలా బిగుస్తుంది. ఆమె వేలికొసకి తెలిసింది ఈ వేలికొసకీ తెలుస్తుంది. నలభై రోజులు అలా వెంట తిరిగితే ఆ పనితనం ఈ చేతికి వచ్చేస్తుంది.

"అంటే నేను కేకు మీద పేరు రాస్తుంటే, నువ్వా చొక్కా తొడుక్కుని నిలబడితే..."

"మీ కోడిగీతలే నాకూ వస్తాయి."

ఊరికే అన్నాను. కేకుల మీద తెలుగు అక్షరాలు క్రీముతో గుండ్రంగా రాయడంలో మా ఊళ్ళో కిరీటిని మించినవాడు లేడు. మెయిన్ రోడ్డు బేకరీలో పుట్టినరోజు పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి మరీ చూస్తారు. నిజం చెప్పాలంటే, పెళ్ళిచూపుల్లో నాకు ముందు నచ్చింది ఆ కుడిచెయ్యే. కాఫీ అందుకున్నప్పుడు సాసరు చప్పుడు చెయ్యలేదు.

అత్తయ్య వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. ఆవిడ పదిహేనేళ్ళు ఇంటింటికీ తిరిగి బాలింతల్ని చూసిన మనిషి. "పదహార్రోజుల పండగ కాకుండా కోడలు గుమ్మం దాటకూడదంటారు గానీ, నువ్వు వెళ్ళమ్మా. ఎవులేటంటారో నేను చూసుకుంటాను. మెళ్ళో పసుపుతాడు మాత్రం తియ్యకు, ఆ ఒక్కటీ నా మాట విను" అంది.

గట్టిగా ముద్దు పెట్టుకున్నాను ఆవిణ్ణి. ఆవిడకీ పిండి అంటింది.

*

చొక్కాలు తొడిగే పని ఫణీంద్రది. మిషన్ల ఇంజనీరు. ఆడవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే గోడని చూస్తూ మాట్లాడతాడు. చొక్కా అయ్యాక మెడకి ఒక పట్టీ బిగించాలి. దాన్ని వాళ్ళు కాపు అంటారు. అది గొంతు పక్కన నాడిని పట్టుకుని ఉంటుంది. వెనకున్న పిల్లకి భయం హద్దు దాటితే చొక్కాని టక్కున ఆపేస్తుంది.

"భయపడితే ఏమవుతుందండీ?" అని అడిగాను.

"స్థిమితంగా నేర్చుకున్నది నలభై రోజులకి వస్తుందండీ. భయంలో నేర్చుకున్నది ఒక్కసారికే వచ్చేస్తుంది. కుక్క కరిచినవాడికి కుక్క సంగతి రెండోసారి నేర్పక్కర్లేదు కదా" అని గోడకి చెప్పి, పట్టీ పట్టుకుని నా మెడ దగ్గర ఆగిపోయాడు. లావుపాటి కొత్త పసుపుతాడు అడ్డంగా ఉంది. "అది కొంచెం..."

"తియ్యకూడదండీ. పండగ అయ్యేదాకా."

"అయ్యయ్యో, తియ్యమని నేనెందుకంటానండీ, కొత్త పెళ్ళికూతుర్ని! పైనుంచే పెట్టేస్తాను."

పెట్టేశాడు. పచ్చలైటు వెలిగింది. ఇద్దరం హమ్మయ్య అనుకున్నాం.

సిస్టర్ ఎస్తేరు పొట్టి మనిషి. యాభై నాలుగేళ్ళు. అందులో ఇరవై ఆరు ఆ ఒక్క గదిలోనే. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఆరడుగులు వెనక నడువు. నా మడమ తొక్కావంటే ఇంజెక్షను నీకే. మెట్టెలు టకటకమంటున్నాయి, పెళ్ళెప్పుడు?" అంది.

"అయిదు రోజులైందండీ."

"అయిదో రోజుకే ఇక్కడికొచ్చావా? మొగుడు నచ్చలేదా?"

"చాలా నచ్చాడండీ!"

గట్టిగా అన్నట్టున్నాను. మంచాల మీదివాళ్ళంతా నావైపు తిరిగారు. ఎస్తేరమ్మ పెదవి ఒక పక్కకి వంగింది. అదే ఆవిడ నవ్వు.

ఇంతలో తలుపులు ధడాల్న తెరుచుకున్నాయి. లారీ వెనక్కి వస్తుంటే గోడకీ దానికీ మధ్య ఇరుక్కున్న క్లీనరు కుర్రాడు. ఎడమ తొడ చీలిపోయి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం చిమ్మి పక్క మంచం దుప్పటి మీద పడుతోంది. ఎస్తేరమ్మ పిడికిలి బిగించి ఆ చీలికలోకి దింపింది. ఆరడుగుల వెనక, గాల్లో, నా పిడికిలీ దిగింది. వేడి, జిగురు, లోపల పాములా ఎగురుతున్న గొట్టం. దాన్ని తొడ ఎముకకి అదిమిపెట్టాం ఇద్దరం. అతను అంత అరిచినా నా చెయ్యి కదల్లేదు. అది నా చెయ్యి కాదు మరి.

రెండో చేత్తో ఆవిడ అతని మోచేతి మడతలో నరం వెతికింది. రక్తం పోయి నరాలన్నీ లోపలికి అంటుకుపోయాయి, కంటికి ఏమీ లేదు. వేలికొస మెల్లగా జరిగింది. అదిగో, పెసరగింజంత ఎత్తు. నా వేలికీ తగిలింది! సూది దిగింది. సీసాలో బుడగలు లేచాయి.

"బతుకుతాడా సిస్టర్?"

"కాలు పోతుంది. మనిషి ఉంటాడు. ఏడవకు, చొక్కా తడిస్తే ఆ ఫణీంద్ర గోడకి ఫిర్యాదు చేస్తాడు."

ఆ వారం రోజులూ నాకు పండగలాగే గడిచింది. రోజూ కత్తిపోట్లు, కాలినవాళ్ళు, విరిగిన ఎముకలు. సాయంత్రం ఆరింటికి బేకరీకి వెళ్తే అట్టపెట్టెలో నాకోసం దాచిన వేడి కర్రీపఫ్. అది తింటూ, కళ్ళు మూసుకుని, మా ఆయన చేతిమీద నరాలు వేలితో చదివేదాన్ని. "ఇది ఎడమ పక్కకి తిరుగుతుంది, ఇక్కడ రెండుగా చీలుతుంది" అని చెప్తుంటే, "నాకు చక్కిలిగింతలు, కౌంటర్లో జనం ఉన్నారు" అని తను మెలికలు తిరిగేవాడు. ఇంట్లో మల్లెలు కడుతుంటే నా చేతులు వాటంతటవే కుట్లముడులు వేసేశాయి. ఆ మాలని అత్తయ్య కత్తెరతో కూడా విడదియ్యలేకపోయింది. "ఇది జడలో పెట్టుకుంటే పిల్లకి గుండు చేయించాల్సిందే" అంది.

*

పెళ్ళయిన పన్నెండో రోజు మధ్యాహ్నం మూడింటికి, టిప్పరు కింద పడిన బైకు కుర్రాణ్ణి తెచ్చారు. దారిలోనే పోయాడు. కుర్ర డ్యూటీ డాక్టరు కళ్ళలోకి టార్చి వేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపడం అద్దం తలుపులోంచి బయట ఉన్న ఇరవైమంది స్నేహితులకి కనబడింది.

"అమ్మాయ్, డ్రెస్సింగ్ గదిలోకి పో. గడియ పెట్టుకుని చొక్కా విప్పెయ్" అని ఎస్తేరమ్మ నన్ను లోపలికి తోసేసింది. గొడవ మొదలైతే నీడ విప్పెయ్యాలి, అది వాళ్ళ నియమం. గడియ పెట్టాను. కొక్కేలమీదికి చేతులు వెళ్ళాయి. అంతలోనే అవి నావి కాకుండా పోయాయి.

బయట గాజు పగిలింది. సెలైన్ స్టాండు ఒకడి చేతిలో కర్రసాములా తిరిగి, మూల ఉన్న కెమెరా మీదా, డాక్టరు తల మీదా పడింది. అతను చప్పుడు లేకుండా కూలిపోయాడు. వెనకనించి ఒకడు ఎస్తేరమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసి, నేలమీంచి పైకి లేపేశాడు. నూకరాజు అతని పేరు. అదీ, నా చేతికి తెలియని మిగతాదంతా నేను తర్వాత విన్నదే. గడియ వేసిన గదిలో నన్ను ఎవ్వరూ ముట్టుకోలేదు. అయినా నా గొంతు మూసుకుపోయింది. మెడ కండలు తాళ్ళలా మెలిపడ్డాయి, కళ్ళు బైర్లుకమ్మాయి. కాపు ఆపాలి కదా, ఎందుకు ఆపలేదు? పచ్చలైటు నా గడ్డం కింద తాపీగా వెలుగుతూనే ఉంది.

ఆవిడ చెయ్యి ట్రాలీ మీద తడిమింది. ఆక్సిజన్ సిలిండరు తిప్పే ఇనుప స్పానరు దొరికింది. నా పిడికిలి గాల్లోనే బిగుసుకుంది. చల్లటి ఇనుము, మంచి బరువు.

మొదటి దెబ్బ భుజం మీంచి వెనక్కి. ముఖానికి తగిలింది, పట్టు సడలింది. ఆవిడ నేలమీద నిలబడి తిరిగింది. అతను మళ్ళీ పీకకోసం చేతులు చాపాడు. రెండో దెబ్బ దవడకి. చెరుకుగడ విరిచినట్టు నా మోచేతి ఎముకలోంచి వినబడింది. అతను మోకాళ్ళమీద కూలబడి, రెండు చేతులూ నేలకి ఆనించాడు.

అక్కడితో అయిపోయింది. నాకు ఖచ్చితంగా తెలుసు, ఎందుకంటే నా గొంతు విడిపోయింది, ఊపిరి వచ్చింది. అప్పుడు చెయ్యి మూడోసారి లేచింది. దానికి తొందర లేదు. భుజం వెనక్కి వెళ్ళి, మోచెయ్యి సర్దుకుని, చోటు చూసుకుని దిగింది. కంటి మీద. ఇరవై ఆరేళ్ళ విసుగు ఆ దెబ్బలోంచి చల్లగా బయటికి పోయింది. ఆ చల్లదనం నా వేళ్ళదాకా వచ్చింది. బాగుంది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ బాగుంది.

పోలీసులు వచ్చేసరికి మిగిలినవాళ్ళు పారిపోయారు. రెండు దెబ్బలు కొట్టాను, ప్రాణం కాపాడుకోవడానికి అని ఎస్తేరమ్మ చెప్పింది. డాక్టరుకి స్పృహ లేదు, కెమెరా లేదు. నూకరాజు దవడని తీగలతో కట్టేశారు కాబట్టి అతనికి మాట లేదు. కుడికన్ను మాత్రం శాశ్వతంగా పోయింది.

"నువ్వేం చూశావమ్మా?" అని ఎస్సై నన్ను అడిగాడు.

"నేను డ్రెస్సింగ్ గదిలో ఉన్నానండీ. కళ్ళు మూసుకున్నాను."

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. మర్నాడు ఆసుపత్రివాళ్ళు ఎస్తేరమ్మకి శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ మర్నాడు ఒక చంటిదాన్ని తెచ్చారు, జ్వరంతో ఒళ్ళు కొట్టుకుంటోంది. ఇద్దరు సీనియర్లు ఆరుసార్లు పొడిచినా నరం అందలేదు. నేను చొక్కా కూడా తొడుక్కోలేదు అప్పుడు. "ఒకసారి చూడనా?" అన్నాను. నా వేలు ఆ బుల్లి పాదం మీద జరిగి, ఒకచోట ఆగింది. ఒక్క పోటు! పది నిమిషాలకి ఆ పిల్ల కళ్ళు తెరిచి ఆవులించింది. వాళ్ళమ్మ నా వేళ్ళు పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. బేకరీ దాకా పరుగెత్తుకెళ్ళాను. ఆ పూట కిరీటి నాకు కేకు మీద 'నర్సమ్మ గారికి' అని రాసి ఇచ్చాడు. దీర్ఘం చివర చిన్న పువ్వు కూడా పెట్టాడు.

*

పదహారో రోజు. పొద్దున పెద్ద ముత్తయిదువ ఒకామె నా సూత్రాలు పసుపుతాడులోంచి బంగారు గొలుసులోకి మార్చింది. పేరంటాళ్ళకి భోజనాలు. నేను వంటింట్లో నిలబడి, గట్టుమీది చిన్న రోట్లో కొబ్బరిపచ్చడి నూరుతూ, ఎందుకో నాలో నేనే నవ్వుకుంటున్నాను.

గొలుసు కొక్కెం వెనక ఊడింది. కిరీటి చూశాడు. చేతులు కడుక్కుని వచ్చి, "ఉండు, నేను పెడతాను" అని చల్లటి వేళ్ళు నా మెడ మీద వేశాడు.

పచ్చడిబండ నా చేతిలో ఉంది.

మొదటి దెబ్బ భుజం మీంచి వెనక్కి వెళ్ళింది. తల తప్పి కాలరు ఎముకకి తగిలింది. నేను తిరిగాను. తను కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బ మణికట్టు మీద. అదే చెరుకుగడ చప్పుడు. పళ్ళేలమీద పడి, మోకాళ్ళమీద కూలబడ్డాడు. అది కిరీటి అని నాకు తెలుసు. కళ్ళకి తెలుసు, బుద్ధికి తెలుసు. "ఆగు, ఆగు" అని నేను నోటితో అరుస్తూనే ఉన్నాను. నా భుజం మాత్రం వెనక్కి వెళ్ళింది. మోచెయ్యి సర్దుకుంది. చోటు చూసుకుంది.

అత్తయ్య గరిటె పారేసి, మొత్తం బరువుతో నా మోచేతికి వేలాడింది. బండ కిరీటి చెవి పక్కనించి వెళ్ళి గచ్చులో దిగింది. నల్లటి గచ్చు పగిలి లోపల ఇసక కనబడింది.

నేలమీంచి కిరీటి, నెత్తురు కారుతున్న పెదవితో, "కొక్కెం పెట్టేశాను" అన్నాడు.

మణికట్టులో రెండు ఎముకలు నుజ్జయ్యాయి. కాలరు ఎముక చిట్లింది. మళ్ళీ క్రీము కోను పట్టుకోగలడో లేదో ఆరు నెలలకి గాని చెప్పలేమన్నారు.

అత్తయ్య కత్తిపీట, బండ, అప్పడాల కర్ర అటక ఎక్కించింది. పెట్టెలోంచి ఎప్పటివో మువ్వలు తీసి కొడుకు కాలికి కట్టింది. "నువ్వు ఎటు తిరుగుతున్నావో పిల్లకి వినబడాలి. వెనకాల మాత్రం నిలబడకు" అంది. పాతికేళ్ళవాడు ఇంట్లో ఘల్లుఘల్లుమంటూ తిరుగుతుంటే నాకు నవ్వొచ్చేది, నవ్వుతూనే ఏడుపొచ్చేది. "ఇంకా నయం, జడ వెయ్యలేదు" అనేవాడు తను, నాకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి.

*

మర్నాడే ఫణీంద్ర దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో జరిగిందంతా చెప్పాను. అతను కాపు తీసి లోపలివైపు తిప్పి చూపించాడు. నాడి తాకాల్సిన చోట పసుపు మరక గట్టిగా అంటుకుని ఉంది.

"ఇది మీ నాడి మీద లేదండీ. తాడు మీద ఉంది. తాడుకి భయం వెయ్యదు కదా, అందుకే పచ్చలైటే చూపించింది." మొట్టమొదటిసారి నా ముఖంలోకి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తియ్యండి అని ఒక్క మాట అనలేకపోయాను. ఆ ఒక్క మాటకి మొహమాటపడ్డాను."

"నేనూ తియ్యనన్నాను కదండీ. ఇప్పుడేం చెయ్యాలి?"

"చెరిపెయ్యొచ్చు. కానీ ఆ భయంలో మీరు వారమంతా నేర్చుకున్నదంతా కలిసి గట్టిపడిపోయింది. పిండిలో కలిసిన ఉప్పులాగ. ఏది ఉంచాలో ఏది తియ్యాలో ఎంచలేం. భుజం నుంచి వేళ్ళదాకా మొత్తం పోతుంది. గుండీలు పెట్టుకోవడం దగ్గర్నించి మళ్ళీ మొదలు."

చంటిదాని పాదం గుర్తొచ్చింది. "ఇంకో దారి లేదా?"

"ఉంది. అవే చొక్కాలు, కాపు లేకుండా. మీ మెడ మీద వెనకనించి చెయ్యి పడాలి, మీకు నిజంగా భయం వెయ్యాలి. రెండు దెబ్బలు గాలిలో పోవాలి. మూడోది ఎత్తాక ఎస్తేరు సిస్టర్ తనంతట తాను ఆపాలి. ఆవిడ చెయ్యి ఆగితే, మీ చేతికి ఆగడం వస్తుంది."

"మూడోది ఉందని మీకెలా తెలుసు?"

"మీరే చెప్పారు కదండీ, ఇంట్లో మూడోసారి లేచిందని. నీడ సొంతంగా ఏదీ కల్పించదు."

ఎస్తేరమ్మ మందుల బీరువా సర్దుతోంది. చెప్పాను. వెనక్కి తిరగలేదు.

"రెండే కొట్టాను."

"సిస్టర్, నా భుజానికి తెలుసు."

"నీ భుజం కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తుందా?"

"చెప్పదండీ. మా ఆయన్ని చంపుతుంది, అంతే."

అప్పుడు తిరిగింది. "ఈ గదిలో నన్ను ఎన్నిసార్లు కొట్టారో తెలుసా? పదకొండుసార్లు. ఒకసారి నా కడుపులో నాలుగో నెల పిల్ల ఉంది. ఆ పిల్ల ఇప్పుడు లేదు. ఒక్కసారి ఎవరైనా వచ్చి ఎలా ఉన్నావని అడిగారా? ఇప్పుడు నేనొక్కసారి కొడితే లెక్క అడుగుతావా? పో, చెరిపించుకో. నీకు ఇరవై ఒకటే కదా. మళ్ళీ నేర్చుకో."

చెరిపే కాగితం తెచ్చుకున్నాను. నాలుగు రోజులు బల్లమీదే ఉంది. సంతకం పెట్టడానికి పెన్ను తీసినప్పుడల్లా కిరీటి అడ్డుపడేవాడు. "నా చెయ్యి ఎలాగూ కట్టులో ఉంది. నీది కూడా పోతే మనిద్దరికీ కలిపి అమ్మ అన్నం తినిపించాలి" అనేవాడు. అయినా ఈ రోజు పెట్టేద్దామనే నిర్ణయించుకున్నాను. తను నిద్రలో పక్కకి తిరిగితే మువ్వ మోగి, నేను లేచి గోడకి వీపు ఆనించి కూర్చుంటున్నాను. ఎన్నాళ్ళు అలా?

సాయంత్రం అయిదింటికి వీధి తలుపు దగ్గర ఎస్తేరమ్మ! యూనిఫారం లేకుండా, నీలం చీరలో, ఎవరో తెలియని మనిషిలా ఉంది.

కిరీటి అరుగు మీద స్టీలు పళ్ళెంలో ఎడమచేత్తో క్రీము అక్షరాలు అలవాటు చేసుకుంటున్నాడు. 'అ' ఒక పక్కకి పడిపోయి పడుకుంది. ఆవిడ చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత కిరీటి కట్టుచెయ్యి పట్టుకుని, "ఎన్నో దెబ్బ ఇది?" అని అడిగింది.

"రెండోదండీ. మూడోది గచ్చు మీద పడింది."

"చూపించు."

వంటింట్లో గొంతుకూర్చుని, పగిలిన గచ్చులో వేలు పెట్టి తడిమింది, నరం వెతికినట్టే. "అక్కడ గచ్చు మీద పడలేదు" అంది. అత్తయ్య టీ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. ఎస్తేరమ్మ లేవకుండానే చెప్పింది. "పొద్దున స్టేషనుకి వెళ్ళి మూడు అని రాసిచ్చాను. రెండు నాకోసం, ఒకటి... ఒకటి ఊరికే. ఎల్లుండి నన్ను సస్పెండ్ చేస్తున్నారు. తర్వాత గేటు లోపలికి రానివ్వరు. చొక్కా తొడుక్కోవడానికి నాకు రేపు ఒక్కరోజే ఉంది."

నేను అక్కడే ఆవిడ పక్కన కూలబడ్డాను.

ఫణీంద్రకి ఫోన్ చేశాను. స్పీకరులో పెట్టాను. ఆవిడా నేనూ స్పానర్ల బదులు పేపరు చుట్టి పట్టుకోవచ్చా అని అడిగితే కుదరదన్నాడు, రెండు చేతులకీ ఆ బరువు తెలియాలి. నా మెడ మీద చెయ్యి వెయ్యడానికి బొమ్మని పెడితే ఒంటికి తెలిసిపోతుంది, మనిషే కావాలి. ఆ చెయ్యి తనే వేస్తానన్నాడు ఫణీంద్ర.

"వద్దు. నేను వేస్తాను" అన్నాడు కిరీటి.

"ఒరేయ్!" అంది అత్తయ్య.

"ఎవరి చెయ్యో వేస్తే ఆ ఎవరి చెయ్యో దగ్గరే ఆగడం నేర్చుకుంటుందమ్మా. ఇంట్లో ఉండేది నేను కదా." ఎస్తేరమ్మ వైపు తిరిగాడు. "సిస్టర్, హెల్మెట్ పెట్టుకోవచ్చా?"

"పెట్టుకుంటే, కొట్టినా ఏం కాదులే అని నా చేతికి తెలిసిపోతుంది నాన్నా. అది ఆగదు."

"మీది ఆగుతుందా?"

ఎస్తేరమ్మ తన కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో చూసినట్టు చూసుకుంది. "ఇప్పటిదాకా ఆపాలని అనుకోలేదు. రేపు అనుకుంటాను. అంతకంటే మాటివ్వలేను."

అత్తయ్య టీ గ్లాసు ఆవిడ చేతికిచ్చి, కొడుకు దగ్గర కూర్చుని, మెల్లగా కాలి మువ్వలు విప్పేసింది. చెరిపే కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "రేపటిదాకా ఇది నీ దగ్గరే ఉంచు" అంది. ఏమీ కాకపోతే దోసెలు వేస్తానని కూడా అంది. ఏమైనా అయితే ఏం వేస్తుందో చెప్పలేదు.

రేపు పది గంటలకి, క్యాజువాలిటీ పక్క డ్రెస్సింగ్ గది. ఎస్తేరమ్మ ముందు, ఆరడుగుల వెనక నేను, నా వెనక కిరీటి. తొమ్మిదిన్నరకి ఇంట్లోంచి బయల్దేరతాం. తను ఒంటిచేత్తో బండి నడపలేడు కాబట్టి నేనే నడుపుతాను. వెనక కూర్చుని, ఎడమచెయ్యి నా భుజం మీద వేసుకుంటానన్నాడు. వెయ్యమన్నాను.